మూడు కీబోర్డులు మార్చినా తగ్గని తిమ్మిరి

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. కొన్నేళ్లుగా ఎక్కువగా ఇంటి నుంచే పని. ఎనిమిది నెలలుగా ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. చేతి వెనుక, చిటికెన వేలి వైపు కూడా మొద్దుబారినట్టు ఉంటుంది. రాత్రిళ్లు మెలకువ వస్తోంది. నేను ఈమాక్స్ అనే ఎడిటర్ ప్రోగ్రాములో కోడ్ రాస్తాను. అందులో కంట్రోల్ కీని చిటికెన వేలితో పదేపదే నొక్కాలి. దానివల్లే అనుకుని మూడు కీబోర్డులు మార్చాను. ఇప్పుడున్నది రెండు ముక్కలుగా ఉండే ఖరీదైన కీబోర్డు. మణికట్టుకు పట్టీ కూడా వేసుకుంటున్నాను. ‘ఎప్పుడు చూసినా చెంపకు చేయి పెట్టుకుని కూర్చుంటారు, అందుకే’ అంటుంది మా ఆవిడ. మెడ వెనుక నొప్పి కూడా ఉంది. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో చూపు అమర్చిన ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడతాను. రెండు మానిటర్లు ఒకదానిపై ఒకటి అమర్చుకున్నాను. షుగర్ లేదు. కళ్లకు నల్ల తెర (నలుపు మీద తెల్లని అక్షరాలు) మంచిదా, తెల్లదా? నిలబడి పనిచేసే బల్ల కొనమంటారా?

జవాబు: మీరు ఖర్చంతా వేలి మీదా మణికట్టు మీదా పెట్టారు. ఉత్తరం చదివాక నా అనుమానం మాత్రం మోచేతి మీదికి పోతోంది. మీ శ్రీమతి చెప్పిందే నిజం కావచ్చు.

చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో దాని వైపున్న సగానికీ స్పర్శనిచ్చేది అల్నార్ నరం. మోచేతి లోపలి వైపు ఎముక బుడిపె వెనుక ఒక సన్నని గాడిలోంచి అది ముంజేతిలోకి దిగుతుంది. అక్కడ దానికి కండ అడ్డం లేదు, చర్మం కిందే ఉంటుంది. తలుపు అంచుకు మోచేయి తగిలినప్పుడు చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందే, అది ఈ నరమే. మోచేయి మడిచిన కొద్దీ నరం సాగుతుంది, గాడి ఇరుకవుతుంది. ఇక చెంపకు చేయి చేర్చి, మోచేతిని బల్ల అంచుకు ఆనించి గంటసేపు కోడ్ చదివితే పైనుంచి ఒత్తిడి, లోపల సాగుడు రెండూ ఒకేసారి. చెంపకు చేయి పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో పెద్దలు అరిష్టమని కసురుతారు. వారి కారణం వేరు, నా కారణం వేరు.

మణికట్టు కాదని ఎందుకు అనుకుంటున్నానంటే, చేతి వెనుక కూడా మొద్దుబారుతోందని రాశారు. ఆ భాగానికి వెళ్లే కొమ్మ మణికట్టు చేరకముందే, ముంజేతిలోనే విడిపోతుంది. నరం మణికట్టు దగ్గర నలిగితే ఆ భాగం బాగానే ఉండాలి. మీ ఆఫీసులో అందరూ చెప్పుకునే కార్పల్ టన్నెల్ సమస్య, అంటే మణికట్టు దగ్గర మరో నరం నలగడం అయితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతాయి. ఈమాక్స్ వాడేవారికి చిటికెన వేలు నొప్పి పెట్టడం, పట్టేయడం నేనూ విన్నాను. కానీ అలసిన వేలు నొప్పి పెడుతుంది, ఇలా చేతి వెనుక దాకా మొద్దుబారదు. ఆ వేలికి కాస్త విశ్రాంతి కావాలంటే క్యాప్స్ లాక్ కీని కంట్రోల్‌గా మార్చుకోండి. నాలుగో కీబోర్డు అవసరం లేదు.

ఇంట్లోనే ఒకటి గమనించండి. రెండు మోచేతులూ పూర్తిగా మడిచి, మణికట్లు నిటారుగా ఉంచి ఒక నిమిషం ఆగండి. ఎడమవైపు తిమ్మిరి మొదలైతే మోచేతి మీద అనుమానం బలపడుతుంది. ఉంగరపు వేలిలో సగమే మొద్దుబారుతోందా, వేలంతానా అన్నదీ చూడండి. సగమైతే ఈ నరమే. వేలంతా, దాంతోపాటు ముంజేతి లోపలి వైపు కూడా అయితే మెడ దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూడాలి.

రాబోయే ఆరు వారాలు మోచేతిని బల్ల మీదా, కుర్చీ చేతుల మీదా గట్టిగా ఆనించకండి. ఫోను చెవి దగ్గర పట్టుకుని గంటలు మాట్లాడవద్దు, హెడ్‌సెట్ వాడండి. రాత్రి మెలకువ రావడానికి కారణం మోచేయి మడిచి పడుకోవడమే కావచ్చు. ఒక తువ్వాలు మోచేతి చుట్టూ వదులుగా చుట్టి కట్టుకుంటే పూర్తిగా మడత పడదు. మణికట్టు పట్టీ తీసేయండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

మెడనొప్పికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ప్రోగ్రెసివ్ అద్దంలో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది. పైన ఉన్న మానిటర్‌ను ఆ భాగంలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తక తప్పదు. రోజంతా అలా కూర్చుంటే ఎవరి మెడైనా మొరాయిస్తుంది. పై తెరను పక్కకు దించండి. అలా వద్దనుకుంటే ఎప్పుడో ఒకసారి చూసేవి మాత్రమే దాని మీద ఉంచండి. అంతకన్నా మంచి మార్గం, కంటి నుంచి తెర దాకా దూరాన్ని టేపుతో కొలిచి, ఆ దూరానికే సరిపడే కంప్యూటర్ అద్దాలు విడిగా చేయించుకోవడం. కంటి పరీక్షకు వెళ్లినప్పుడు ఆ కొలత చెప్పండి.

నల్ల తెరా, తెల్ల తెరా అన్నది చాలామటుకు మీ ఇష్టం. ఒక్క మాట: నల్ల తెర చూసేటప్పుడు కంటిపాప పెద్దదవుతుంది. అందువల్ల ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం) ఉన్నవారికి తెల్లని అక్షరాల చుట్టూ అలికినట్టు కనిపించవచ్చు. మీకు అలా ఉంటే పగటి వెలుతురున్న గదిలో తెల్ల తెరకు మారి చూడండి. తెర చూస్తూ రెప్ప వేయడం మరిచిపోతాం, కళ్లు మండేది ఎక్కువగా అందుకే. నీలి కాంతిని ఆపే అద్దాలు కంటి అలసటను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

నిలబడే బల్ల కొంటే కొనండి, కూర్చున్న చోటి నుంచి లేవడానికి అదొక సాకు. ఈ తిమ్మిరికి మాత్రం అది మందు కాదు. నిలబడి అదే మోచేతిని అదే అంచుకు ఆనిస్తే ఫలితం మారదు.

ఇదంతా మీ ఉత్తరాన్ని బట్టి చెబుతున్నది, చేయి పట్టి చూడకుండా ఖాయం చేయలేను. ఎనిమిది నెలలు తక్కువ కాలం కాదు కాబట్టి ఆరు వారాలు అయ్యేదాకా ఆగకుండా ఎముకల డాక్టరునో, నరాల డాక్టరునో కలవండి. నరం పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష అవసరం కావచ్చు. షుగర్ లేదని రాశారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించుకున్నారో రాయలేదు. ఏడాది దాటితే మళ్లీ చేయించండి, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు కూడా. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పట్టుకుని, ఎవరినైనా లాగమనండి. ఎడమ చేతిలోంచి సులువుగా జారిపోతున్నా, ఆ రెండు వేళ్ల మధ్య చేతి వెనుక కండ గుంటపడినట్టు కనిపిస్తున్నా ఈ వారమే వెళ్లండి. ఒకసారి ఆ కండ కరిగిపోతే ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. రెండు చేతులూ మొద్దుబారి, నడకలో తూలు మొదలైతే మాత్రం అది మెడలో వెన్నుపాముకు సంబంధించినది కావచ్చు. అప్పుడు వారం కూడా ఆగవద్దు.