అమెరికా చిత్రకళలో యూదు వారసత్వం ఎక్కడ కనిపిస్తుంది?

చిత్రకారుడి ఇంటిపేరు చూసి బొమ్మలో మతం వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. కొందరు మాత్రం తమ వారసత్వాన్ని బాహాటంగా గోడకెక్కించారు.

బెన్ షాన్ అలాంటివాడు. 1898లో లిథువేనియాలో పుట్టి, 1906లో న్యూయార్క్ చేరాడు. 1930లలో న్యూజెర్సీలో, యూదు దర్జీ కార్మికుల కోసం ప్రభుత్వం కట్టించిన జెర్సీ హోమ్‌స్టెడ్స్ అనే ఊళ్లో పెద్ద కుడ్యచిత్రం వేశాడు. ఎడమవైపు ఓడ దిగి వస్తున్న వలసజనం, వాళ్ల ముందు వరసలో ఐన్‌స్టీన్. దగ్గర్లోనే రెండు శవపేటికలు: వివాదాస్పద విచారణ తర్వాత హత్యానేరం కింద 1927లో అమెరికా కరెంటు కుర్చీలో చంపిన కార్మికులు సాకో, వాంజెట్టీలవి. వాళ్లు ఇటాలియన్లు, యూదులు కాదు. నా దృష్టిలో ఈ బొమ్మకు ఆయువుపట్టు అదే. తమవాళ్ల కష్టం పక్కనే పరాయివాళ్ల అన్యాయాన్నీ పెట్టాడు. మధ్యలో ఇరుకు కుట్టు కార్ఖానాలు, యూనియన్ సభ, చివర కొత్త ఊరి ప్లాన్. బానిసత్వం నుంచి విముక్తి దాకా సాగే ఈ వరస పస్కా పండుగ రాత్రి యూదుల ఇళ్లలో చదివే, ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన కథను గుర్తుచేస్తుందని చాలామంది విమర్శకుల మాట.

యూదు కుటుంబంలోనే పుట్టిన నైరూప్య చిత్రకారుడు మార్క్ రోత్కో సంగతి వేరు. అసలు పేరు మార్కస్ రోత్కోవిచ్, 1940 ప్రాంతంలో కుదించుకున్నాడు. 1971లో హ్యూస్టన్‌లో తెరిచిన ప్రార్థనామందిరంలో ఆయన చిత్రాలు 14 ఉన్నాయి. అది అన్ని మతాలవాళ్లదీ. దాన్ని యూదు కళ అనడం కాస్త లాగినట్టే.

బార్నెట్ న్యూమన్ ఈ ఇద్దరికీ మధ్యలో ఉంటాడు. 1949లో వేసిన నల్లటి చిత్రానికి 'అబ్రహాం' అని పేరు పెట్టాడు. అది బైబిల్ పితామహుడి పేరు, వాళ్ల నాన్న పేరు కూడా.