ఆ 21 బైట్లు ఎవరివి?

ప్రశ్న: సి భాషలో చిన్న చాట్ సర్వర్ రాశాను. పుట్టీ (వేరే కంప్యూటర్‌కి కలిపే ప్రోగ్రాం)లో టెల్నెట్ (అక్షరాలు పంపుకునే పాత పద్ధతి) ఎంచుకుని కనెక్ట్ అయితే, నేను ఏ కీ నొక్కకముందే 21 బైట్ల చెత్త వచ్చి పడుతోంది. నెత్తిన రెండు చుక్కలున్న వై అక్షరం లాగ్‌లో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. మూడేసి బైట్ల చొప్పున కోసేస్తే సరిపోతుందా? లైబ్రరీ వాడాలా?
- బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అది చెత్త కాదు బాబూ, పలకరింపు. మీరు చూసిన చుక్కల వై 255 అనే బైటు. 'ఇక వచ్చేది మాట కాదు, కమాండ్' అని దానర్థం. మీ లాగ్‌లో మొదటి మూడూ 255, 251, 31 అయి ఉంటాయి. 251 అంటే 'నేను చేస్తాను', 31 అంటే విండో సైజు. 'నా విండో ఎంతుందో చెప్పమంటే చెబుతాను' అంటోంది పుట్టీ. అలాంటివి ఏడు, వెరసి 21. మీరు 253 ('చెయ్యి') పంపితే చెబుతుంది, 254 ('వద్దు') పంపితే ఊరుకుంటుంది. 1983 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 854 (ఇంటర్నెట్ నియమాల పత్రాల్లో ఒకటి) నాటి మర్యాదలివి.

కోసేద్దామని నేనూ అనుకున్నవాణ్ణే. విశాఖలో ఒక ప్లాంటులో పనిచేసే రోజుల్లో ఈ బైట్లను విడదీసి చదివే పార్సర్ సొంతంగా రాశాను. విండో సైజు జవాబు తొమ్మిది బైట్లు: మొదట 255 250 31, వెడల్పుకి 0 80, ఎత్తుకి 0 24, చివర 255 240. తొమ్మిది లెక్కపెట్టి చదివేశాను. నెలల తరబడి బాగానే నడిచింది. ఒకరోజు కొత్త ఆపరేటర్ వెడల్పాటి మానిటర్ మీద విండోని లాగాడు. సరిగ్గా 255 కాలమ్‌ల దగ్గర ఆగింది. డేటాలో 255 వస్తే రెండుసార్లు పంపాలన్నది నియమం. అంటే పది బైట్లు. రెండో 255ని నా ప్రోగ్రాం ఎత్తులో కలిపేసుకుని, స్క్రీన్‌కి 65,280 వరుసలున్నాయని తేల్చింది. పేజీ పేజీకీ ఆగాల్సిన రిపోర్టు ఆగకుండా జారిపోయింది. కారణం దొరకడానికి రెండ్రోజులు పట్టింది.

అదొక్కటే కాదు. నెట్‌వర్క్‌లో బైట్లను మోసే టీసీపీకి మీ మూడు బైట్ల లెక్క పట్టదు. ఒక రీడ్‌లో 255 వచ్చి, మిగతా రెండూ తర్వాతి రీడ్‌లో రావచ్చు. పైగా 'సరే'కి మళ్లీ 'సరే' అన్నారో, ఫోన్లో 'పెట్టేస్తున్నా', 'ఆ, పెట్టెయ్', 'సరే, పెట్టేస్తున్నా' అనుకునే మా పెద్దమ్మల వరసే, తెగదు. దీన్ని తప్పించే పద్ధతి 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1143గా వచ్చింది.

అందుకే లిబ్‌టెల్నెట్ అనే లైబ్రరీ వాడండి. ఆ పద్ధతి అందులో ఉంది. అది సాకెట్‌ని, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌ని, ముట్టుకోదు, అదే నాకు నచ్చింది. వచ్చిన బైట్లు దానికివ్వండి. ఇది మాట, ఇది విండో సైజు అని విడదీసి మీ ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఏయే ఆప్షన్లకు ఒప్పుకోవాలో ముందే ఒక పట్టిక ఇవ్వాలి. పంపేటప్పుడూ దాని ద్వారానే పంపండి, డేటాలోని 255ని రెండుసార్లు పంపేది అదే. చాలామంది ఇక్కడే మరిచిపోతారు. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగులో 255 రానే రాదు ('క' అంటే 224 176 149) కాబట్టి చాట్‌లో ఆ తప్పు బయటపడదు. జిప్ ఫైల్ పంపిన రోజు పడుతుంది.

ప్రశ్న: నా టెల్నెట్ సర్వర్‌లో టైప్ చేసిన పాస్‌వర్డ్ తెర మీద కనిపిస్తోంది. దాచేదెలా?
- కరీంనగర్ పాఠకురాలు

జవాబు: చిన్న అబద్ధం ఆడాలమ్మా. 255 251 1 పంపండి, 'ఎకో (టైప్ చేసింది తెర మీద చూపడం) నేను చేస్తాను' అని. క్లయింటు నమ్మి, తన వైపు అక్షరాలు చూపడం మానేస్తుంది. మీరూ చూపకండి. పాస్‌వర్డ్ అందాక 255 252 1 ('ఇక చెయ్యను') పంపితే మామూలవుతుంది. కానీ దాగింది తెర మీద మాత్రమే, తీగ మీద ఆ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టే పోతుంది. సర్వర్ మీ ఇంటి వైఫై దాటి బయటికి వెళ్లేదైతే ఇదంతా వదిలేసి, అన్నీ రహస్య లిపిలో పంపే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకోండి.