ద్రాస్‌కు బయల్దేరుతున్న అన్న కొడుకుకి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

ద్రాస్ వైపు పోస్టింగు వచ్చిందని రాసిన నీ ఉత్తరం అందింది. అవసరం వచ్చిన నాడు ధైర్యంగా నిలబడగలనా అని అడిగావు. దానికి జవాబు ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను గాని, కొండమీద ధైర్యానికి ముందుగా కావలసింది ఊపిరి అని మాత్రం చెప్పగలను.

అక్కడికి చేరగానే ఎత్తుకు అలవాటు పడడానికి కొన్ని రోజులు కేటాయిస్తారు: 9,000 అడుగులు దాటాక 6 రోజులు, 12,000 దాటాక 4, 15,000 దాటాక మరో 4. ఊరికే కూర్చోబెట్టారని విసుగు పుట్టినా ఒక్క రోజు కూడా తగ్గించుకోవాలని చూడకు. తొలిసారి వెళ్లినప్పుడు, పిరికివాడనుకుంటారేమోనని తలనొప్పినీ రాత్రిపూట దగ్గునూ దాచిపెట్టాను. మూడో రోజు ఉదయం బూటు లేసు కట్టుకోవడానికి వంగినవాణ్ణి మళ్లీ లేవలేకపోయాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. నన్ను కిందికి మోయడానికి నలుగురు జవాన్లు తమ పని వదిలి రావలసి వచ్చింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

కార్గిల్ యుద్ధంలో, 1999 జులైలో, ద్రాస్ దగ్గరి టైగర్ హిల్ శిఖరం ఎక్కిన 18వ గ్రెనేడియర్స్ బెటాలియన్ ఘాతక్ (మెరుపుదాడి) దళంలో యోగేంద్ర సింగ్ యాదవ్ ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 19. అందరూ ఆయనకు తగిలిన గుళ్లను లెక్కపెడతారు గాని, నువ్వు అంతకు ముందు జరిగినదాన్ని గమనించు. సుమారు 16,500 అడుగుల ఎత్తున, మంచు పట్టిన నిటారు బండమీద అందరికంటే ముందు ఎక్కి, వెనుక వచ్చేవారికి తాడు బిగించే పనిని ఆయనే అడిగి తీసుకున్నారు. సగం దూరం ఎక్కేసరికి పై బంకరు నుంచి మెషిన్‌గన్ కాల్పులు మొదలై, ప్లటూన్ కమాండరూ మరో ఇద్దరూ నేలకొరిగారు. గజ్జల్లోనూ భుజంలోనూ మూడు గుళ్లు దిగినా ఆయన మిగిలిన 60 అడుగులూ ఎక్కి, పాకుతూ బంకరును చేరి గ్రెనేడ్లు విసిరారు. పరమవీర చక్ర ఆ తరువాతి మాట. తాడు పని చేతికి పూర్తిగా అలవడి ఉండకపోతే ఆ 60 అడుగులు సాధ్యమయ్యేవి కావని నా నమ్మకం.

అందుకే చేతి తొడుగులు తీయకుండా, చీకట్లో, ముడి వేయడం సాధన చెయ్యి. గడ్డ కట్టే చలిలో వట్టి చేత్తో ఇనుము పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకో. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కనుక మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. నీ తుపాకి ఒక్కటే తెలిస్తే చాలదు. అదే యుద్ధంలో పాయింట్ 4875 అనే శిఖరం మీద రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ శత్రువు వదిలి పారిపోయిన మెషిన్‌గన్‌ను అందుకుని వాళ్లమీదికే తిప్పారు.

ఇంకొకటి. మన హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న ఆ కొండల్లోనే అమరులయ్యారు. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి ఉత్తరం రాస్తూ, గర్భవతి అయిన తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరారు. నువ్వూ వీలైనప్పుడల్లా ఇంటికి రాస్తూ ఉండు. తలనొప్పి ఉంటే ఉందనే రాయి.

ఇట్లు,
మీ బాబాయి