నాలుగు పడక గదుల ఇంటికి నాలుగు వాటాల ఇల్లు సరిపోతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. వయసు 49. కొత్త పింఛను పథకం కిందికి వస్తాను. కోతలన్నీ పోను నెలకు 78 వేలు చేతికి వస్తుంది. నా భార్య ఇంట్లోనే పట్టుచీరలు అమ్ముతుంది, నెలకు 15 వేల దాకా మిగులుతుంది. ఇంటి ఖర్చు 38 వేలు. అమ్మాయి విశాఖపట్నంలో ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఫీజు, హాస్టలు కలిపి ఏటా లక్షా 80 వేలు. అబ్బాయి పదో తరగతి. అమ్మకు 74 ఏళ్లు, మా దగ్గరే ఉంటుంది. బడా బజారు దగ్గర ఇరుకు వీధిలో మా పాత ఇల్లు ఉంది. నాన్నగారు 1988లో సొంత సంపాదనతో కొన్నారు. వీలునామా రాయకుండానే పోయారు, పట్టా ఇంకా ఆయన పేరునే ఉంది. 60 లక్షలు పలుకుతుందని దళారి అంటున్నాడు. తమ్ముడు సూరత్‌లో స్థిరపడ్డాడు. చెల్లెలిని ఇచ్ఛాపురంలో ఇచ్చాం, పెళ్లప్పుడు ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేశాం. అంబపువా వైపు నాలుగు పడక గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. కారు పెట్టుకునే చోటు, చుట్టూ కొబ్బరి, మామిడి చెట్లు, మంచి ఇరుగుపొరుగు. యజమాని బెంగళూరులో కొడుకు దగ్గరకు వెళ్లిపోతున్నారు. ఎనిమిది నెలలుగా బేరాలు చూస్తున్నారట. 85 లక్షలు చెబుతున్నారు. 55 లక్షలకు దస్తావేజు రాసి మిగతాది నగదుగా ఇమ్మంటున్నారు. స్థలంలో సగం రికార్డుల్లో ఇంకా సాగు భూమిగానే ఉందట. పాత ఇంట్లో నా సగం 30 లక్షలు, డిపాజిట్లు 20 లక్షలు, 20 ఏళ్లకు 40 లక్షల అప్పు కలిపి కొనేద్దామని నా ఆలోచన. ఈ వారంలో 2 లక్షలు బయానా ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా?

జవాబు: బయానా ఇవ్వకండి. 85 లక్షల సంగతి తరువాత చూద్దాం. ముందుగా మీరు రాసిన 30 లక్షల మాట తేలాలి, ఎందుకంటే ఆ డబ్బు మీకు లేదు.

మీ నాన్నగారు సొంత డబ్బుతో కొన్నారు, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలు వస్తాయి. మీ అమ్మగారు, మీరు, మీ తమ్ముడు, మీ చెల్లెలు కలిపి నలుగురు. 60 లక్షల్లో మీకు వచ్చేది 15 లక్షలు. చెల్లెలికి పెళ్లిలో పెట్టింది వాటాకు చెల్లు కాదు. ఆమె తన ఇష్టంతో వాటా వదులుకుంటే రిజిస్టరు పత్రం రాసి ఇవ్వవచ్చు. కానీ అందరూ కూర్చున్న చోట ‘నీకేం తక్కువ, సంతకం పెట్టు’ అని పెట్టించే సంతకాల మీద ఇల్లు కొనే లెక్క వేయడం నాకు నచ్చదు. ఆ సంతకాలు తరువాత కోర్టుల్లో తేలుతుంటాయి. అమ్మగారి వాటా కూడా అమ్మగారిదే. ‘మా దగ్గరే ఉంటుంది కదా’ అన్నంత మాత్రాన అది మీ లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ అంకెలు మళ్లీ వేద్దాం. మీ పద్ధతిలోనే అప్పు 40 లక్షలు అనుకోండి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ సుమారు 34,700. జీతం, చీరల రాబడి కలిపి 93 వేలు. ఇంటి ఖర్చు 38 వేలు, అమ్మాయి చదువు నెలకు 15 వేలు పోతే మిగిలేది 40 వేలు. ఈఎంఐ కట్టాక చేతిలో 5,300. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. అయితే మీకు ఉద్యోగం ఇంకా 11 ఏళ్లే. 60 ఏళ్లకు పదవీ విరమణ చేసే నాటికి ఆ అప్పులో ఇంకా 26 లక్షలు మిగిలే ఉంటాయి. ‘రిటైరయ్యాక పింఛను ఖాతాలో వచ్చే మొత్తంతో తీర్చేస్తా’ అని మీలాంటి వారు చాలామంది చెబుతారు. మీ పథకంలో 60 ఏళ్లకు పోగైన నిధిలో కనీసం 40 శాతంతో నెలవారీ పింఛను కొనుక్కోవాలి, మిగతాదే చేతికి వస్తుంది. ఆ మిగతాది కూడా బ్యాంకుకు పోతే 85 లక్షల ఇంట్లో కూర్చుని కరెంటు బిల్లుకు పిల్లల వైపు చూడాల్సి వస్తుంది.

సరే, 11 ఏళ్లలోనే తీర్చేద్దామంటే అదే 40 లక్షలకు ఈఎంఐ 46,700 అవుతుంది. మీకు మిగిలేది 40 వేలు. ఇక 30కి బదులు 15 లక్షలే వస్తే అప్పు 55 లక్షలకు పెరుగుతుంది. 11 ఏళ్లకు ఈఎంఐ 64 వేలు దాటుతుంది. చేతికొచ్చే జీతం 78 వేలు. ఇంకా చెప్పాలా?

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం ఒకటి ఉంది: మీ భార్య చీరల వ్యాపారం. నెలకు 15 వేలంటే మీ ఇంటి ఆదాయంలో ఆరో వంతు. అది ఎక్కడి నుంచి వస్తోంది? బడా బజారు చుట్టుపక్కల వీధుల్లో తెలుగువారు, ఒడియావారు కలిసే ఉంటారు. నేతవారు దగ్గర, కొనేవారు దగ్గర. సాయంత్రం గుడికి వెళ్తూ ఎవరో ఒకరు గుమ్మం దగ్గర ఆగి, చాప పరిపించుకుని, నాలుగు చీరలు విప్పించి చూస్తారు. నచ్చితే సగం డబ్బు ఇప్పుడు, సగం జీతాలప్పుడు. ఎవరికి అరువు ఇవ్వవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో ఆవిడకు తెలుసు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర నెలలో ఆవిడ ఎంత అమ్ముతారో కనుక్కోండి, మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఈ బేరమంతా ఊరి బయట కాలనీకి రాదు. అక్కడ ఇరుగుపొరుగు మంచివారే కావచ్చు. కానీ వారిలో ఒక్కరికీ ఆవిడ ఖాతా పుస్తకంలో పేజీ లేదు. ఆ రాబడి సగానికి పడిపోయిందనుకుంటే 5,300 మిగులు కాస్తా 2,200 లోటవుతుంది. ఇంటి చుట్టూ ఉండే మనుషులను ‘మంచి వాతావరణం’ అనే ఖాతాలో వేసి వదిలేస్తాం. మీ విషయంలో వారు నెలనెలా ఆదాయం.

ఇక ఆ పెద్ద ఇల్లు. మీ అమ్మాయి రెండేళ్లలో ఉద్యోగానికి వెళుతుంది. అబ్బాయి మరో రెండు మూడేళ్లకు ఏ భువనేశ్వరో, హైదరాబాదో చేరతాడు. అప్పుడు నాలుగు పడక గదుల్లో ముగ్గురుంటారు. అమ్ముతున్న పెద్దమనిషి ఎందుకు వెళ్లిపోతున్నారో మీరే రాశారు. పిల్లలు చదువుకునే రోజుల్లో ఆయనా మీలాగే ముచ్చటపడి కట్టుకుని ఉంటారు. ఎనిమిది నెలలుగా కొనేవారు దొరకలేదంటే, రేపు మీకు అవసరం పడి అమ్మబోయినా అంతే ఆలస్యం అవుతుంది. మన బరంపురం లాంటి ఊళ్లో 40, 50 లక్షల ఇంటికి కొనేవారున్నంతగా 85 లక్షల ఇంటికి ఉండరు.

గోపాలపురం సముద్రం అట్టే దూరం లేదు, ఉప్పు గాలి ఊరిదాకా వస్తుంది. ఇక్కడ ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా హాలు, వంటగది కంటే ముందు సన్‌షేడ్ల అడుగు భాగం చూడండి. తుప్పు చారలు కనిపిస్తున్నాయా, సున్నం కొత్తగా పూసి దాచారా? రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగితే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును బయటికి తోస్తోందని అర్థం. దానికి మరమ్మతు రంగు వేసినంత చవక కాదు. చెట్లు కూడా మీకు నచ్చాయన్నారు, నాకూ ఇష్టమే. కానీ 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఏ ఇళ్ల మీద ఏ చెట్లు పడ్డాయో మీ వీధిలో పెద్దవారిని అడగండి. ఇంటి గోడకు ఆనుకుని ఎత్తుగా పెరిగిన కొబ్బరిచెట్టు ఈ తీరంలో ఖర్చు పద్దే. ఏ ఇల్లు కొన్నా, పాత ఇంట్లోనే ఉన్నా, బీమా మాత్రం చేయించండి. ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీల దగ్గర దొరుకుతోంది. తుపాను, వరద నష్టాలు అందులోకి వస్తాయి.

స్థలంలో సగం సాగు భూమిగానే ఉందన్నది చిన్న విషయంలా రాశారు. చిన్నది కాదు. పట్టాలో కిసమ్ (భూమి రకం) ‘ఘరబారి’, అంటే ఇంటి స్థలం, అని లేని భాగానికి ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద తహసీల్దారు దగ్గర మార్పిడి చేయించాలి. లేకపోతే బ్యాంకు అప్పు దగ్గరే పేచీ మొదలవుతుంది. ఎవరైనా ఇల్లు అమ్ముతుంటే ఆ మార్పిడి వారి ఖర్చుతో, వారి పేరున, బేరానికి ముందే జరగాలి. ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా నంబరు కొడితే కిసమ్ మీరే చూడవచ్చు.

55 లక్షలకు దస్తావేజు, మిగతా 30 నగదుగానా? వద్దు. బ్యాంకు దస్తావేజు విలువను చూసే అప్పిస్తుంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకున్న వారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. రేపు మీరు ఆ ఇల్లు అమ్మితే మీ కొన్న ధర 55 లక్షలుగానే లెక్కకొస్తుంది, లాభం మీద పన్ను మీరు కడతారు. ఆయనకు ఇప్పుడు ఆదా, మీకు అప్పుడు భారం.

అయితే మీకు ఏం కుదురుతుంది? డిపాజిట్లలో 6 లక్షలు కదపకండి. అందులో అమ్మాయి మిగిలిన ఫీజు, అమ్మగారి ఆసుపత్రి ఖర్చు, మీ అత్యవసరం అన్నీ ఉన్నాయి. మిగిలింది 14 లక్షలు. అప్పు 25 లక్షలకు మించకూడదు. 11 ఏళ్లకు ఈఎంఐ సుమారు 29,200. చీరల రాబడి తగ్గినా తట్టుకోగలరు, పదవీ విరమణ నాటికి అప్పు ఉండదు. వడ్డీ మారే రకం గృహ రుణమైతే ముందే తీర్చినా జరిమానా లేదు కనుక, బకాయి డీఏ లాంటిది ఏదైనా వస్తే అసలుకు కట్టేయండి.

ఈ లెక్కతో రెండు దారులున్నాయి. ఒకటి, పాత ఇల్లు అమ్మి వచ్చిన మీ 15 లక్షలు కలిపితే 54 లక్షలు. అంటే 50 లక్షల లోపు ఇల్లు: మూడు పడక గదులు, స్కూటరుతో పాటు చిన్న కారు పట్టే చోటు. ఒడిశాలో మగవారి పేరున 5 శాతం స్టాంపు డ్యూటీ, ఆడవారి పేరునైతే 4. రెండింటికీ రిజిస్ట్రేషన్ ఫీజు మరో 2 శాతం. 50 లక్షల మీద భార్య పేరున రాయిస్తే 50 వేలు మిగులుతుంది, అందుకే అందరూ ఆ సలహా ఇస్తారు. మీరు మాత్రం తొందరపడకండి. పాత ఇంటి వాటా అమ్మిన లాభం మీద పన్ను తప్పాలంటే ఆ డబ్బుతో రెండేళ్లలోపు మీరు ఇల్లు కొన్నట్టు చూపాలి. పూర్తిగా భార్య పేరున కొంటే ఆ మినహాయింపు మీద పేచీ రావచ్చు. మీ లాభం 12 లక్షలు అనుకున్నా 12.5 శాతం చొప్పున పన్ను లక్షన్నర. 50 వేల కోసం లక్షన్నర పణంగా పెట్టే ముందు ఆడిటరును అడగండి.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది, మీకు నచ్చకపోవచ్చు. తమ్ముడు సూరత్ నుంచి తిరిగి రాడు, చెల్లెలికి ఇచ్ఛాపురంలో ఇల్లుంది. వారిద్దరి వాటాలకు చెరి 15 లక్షలు ఇచ్చి పాత ఇల్లు మీరే ఉంచుకోండి. పైన గాలి తగిలేలా ఒక గది, స్నానాల గది వేయించడానికి 9 లక్షలు పెట్టుకోండి. మొత్తం 39 లక్షలు: మీ 14, అప్పు 25. తోబుట్టువుల వాటా కొనడానికి అప్పిస్తారా అని బ్యాంకును ముందే అడగాలి, కొన్ని బ్యాంకులు వెనకాడతాయి. రెండు పక్కలా ఉమ్మడి గోడలున్న ఇల్లయితే పై అంతస్తుకు పునాది సరిపోతుందో లేదో ఇంజినీరుతో చూపించాలి. కారు పెట్టుకోవడానికి చోటుండదు, నిజమే. కానీ అమ్మగారికి అలవాటైన వీధి, మీ భార్యకు గుమ్మం ముందు బేరం, అబ్బాయికి చదువుకునే గది మిగులుతాయి. మొదటి దారిలో వెళ్లి పాత ఇల్లు అమ్మేస్తే మాత్రం అమ్మగారి 15 లక్షలు ఆవిడ పేరునే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేయండి. ఈ మధ్య ఇస్తున్న 8.2 శాతం ప్రకారం మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. మందుల కోసం ఆవిడ ఎవరినీ అడగక్కర్లేదు.

ఏ దారైనా పట్టా నాన్నగారి పేరున ఉన్నంతవరకు అడుగు పడదు. వారసుల ధ్రువపత్రం తీసుకుని తహసీలు కార్యాలయంలో నలుగురి పేరున మ్యుటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పుకు) దరఖాస్తు పెట్టండి. నెలలు పట్టవచ్చు, అందుకే ఈ వారం చేయాల్సిన పని అదే. దానికంటే ముందు ఆదివారం ఇచ్ఛాపురం వెళ్లి, ఆవిడకు పావు వాటా ఉందని చెల్లెలికి మీ నోటితోనే చెప్పండి. ఆవిడ ఏం కోరుకుంటారో విన్నాక తమ్ముడికి ఫోను చేయండి. అంబపువా పెద్దమనిషికి ‘మా వాటాలు తేలలేదండీ, మీకు వేరే బేరం వస్తే ఇచ్చేయండి’ అని చెప్పేయడం మర్యాద.