ప్యాకెట్ చెప్పిన పొడవును నమ్మవచ్చా?

ప్రశ్న: సీ భాషలో రాసిన మా చాట్ సర్వర్ ఒకే కంప్యూటర్‌లో పరీక్షిస్తే సరిగ్గా నడుస్తోంది. వైఫైలో వేరే కంప్యూటర్ నుంచి పంపితే కొన్ని సందేశాలు సగమే వస్తున్నాయి, అప్పుడప్పుడు ప్రోగ్రాం క్రాష్ అవుతోంది. బఫర్‌ను (వచ్చిన డేటాను ఉంచే మెమరీ భాగాన్ని) 1,024 నుంచి 65,536 బైట్లకు పెంచినా ఫలితం లేదు. కోడ్ జతచేశాను. (ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: ఇలాంటి కోడ్ నాకు తరచూ వస్తూనే ఉంది, అందరూ ముందుగా బఫర్‌నే పెంచుతున్నారు. నెట్‌వర్క్‌లో డేటాను చేరవేసే టీసీపీకి సందేశాల హద్దులు తెలియవు కనుక ఒక్క సెండ్‌తో పంపినది అవతల రెండు మూడు రిసీవ్‌లలో అందవచ్చు. ప్రతి సందేశానికి ముందు దాని పొడవును పంపి, ఆ పొడవు బఫర్‌లో పడుతుందని నిర్ధారించుకొని, అన్ని బైట్లూ చేరేవరకు లూప్‌లో చదవండి. రిసీవ్ విఫలమైతే -1 ఇస్తుంది. దానిని మీరు రుణ సంఖ్యలు పట్టని అన్‌సైన్డ్ వేరియబుల్‌లో దాచడంతో అది అతి పెద్ద సంఖ్యగా మారి, బైట్లను కాపీ చేసే మెమ్‌కాపీ బఫర్‌ను దాటిపోతోంది. సున్నా వస్తే అవతలివారు కనెక్షన్ మూసేశారని అర్థం.

నన్ను అంతకంటే కలవరపెట్టింది వేరే ఉంది. పేరు ఎన్ని బైట్లో చెప్పే 16 బిట్ల ఫీల్డ్‌ను సందేశంలోనుంచి చదివి, నిజంగా వచ్చిన బైట్లతో పోల్చకుండానే, అన్ని బైట్లనూ కాపీ చేసి తిరిగి పంపుతున్నారు. 2014 ఏప్రిల్‌లో, ఇంటర్నెట్ సమాచారాన్ని గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం సరిగ్గా ఇదే. కొద్ది బైట్లు పంపి, పొడవు మాత్రం వేలల్లో ఉందని చెప్పినవారికి సర్వర్ తన మెమరీలోంచి ఒక్కో విడతకు 64 కిలోబైట్ల వరకు అందించింది. అందులో పాస్‌వర్డ్‌లు, ప్రైవేట్ కీలు కూడా ఉండేవి, పైగా మామూలు లాగ్‌లలో ఆ జాడే కనిపించేది కాదు. రెండేళ్లకు పైగా దాగిన ఆ లోపాన్ని సరిదిద్దడానికి, చెప్పిన పొడవు వచ్చిన రికార్డును మించితే ఆ సందేశాన్ని పారేయమనే చిన్న తనిఖీ సరిపోయింది.

సర్వర్లకు ప్యాచ్ వేసేవారైనా ఉంటారు. చవక రౌటర్లు, నిఘా కెమెరాలు అమ్మిన కొన్నాళ్లకే అప్‌డేట్‌లు ఆపేసే తయారీదారులు, ఇలాంటి లోపాలను కొన్నవారి ఇళ్లలో శాశ్వతంగా వదిలేస్తున్నారు. ఇది క్షమించరాని నిర్లక్ష్యమని నా అభిప్రాయం.

మీరు మాత్రం కోడ్‌ను మెమరీ తప్పులను పట్టిచ్చే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి, పేరు పొడవు 65,535 అని చెబుతూ వెనుక పది బైట్లే ఉన్న సందేశాన్ని మీ సర్వర్‌కు మీరే పంపి చూడండి.