అమ్మ అడుగుతోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మకు క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక కీమో వల్ల ఉపయోగం లేదని, నొప్పి లేకుండా చూసుకోమని ఇంటికి పంపేశారు. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే బెంగతోనే పోతుందని అన్నయ్య అంటాడు. మొన్న రాత్రి, ‘నాకు తగ్గుతుందంటావా?’ అని అడిగింది. ‘ఎందుకు తగ్గదూ, పడుకో’ అన్నాను. మారుమాట లేకుండా అటు తిరిగి పడుకుంది. అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆ ప్రశ్న అడిగేసరికే చాలామందికి సంగతి తెలిసిపోయి ఉంటుంది. ఒంట్లో ఓపిక తగ్గడం, కీమో ఆపేయడం, తలుపు అవతల మీ గుసగుసలు... ఇవన్నీ ఆవిడ గమనించకుండా ఉంటారా? మీరు బాధపడతారని ఆవిడ, ఆవిడ తట్టుకోలేరని మీరు, ఎవరికి వారు దాచుకుంటున్నారేమో.

అలాగని రిపోర్టులు ముందేసుకుని చెప్పమనను. మళ్లీ అడిగితే, ‘నీకేమనిపిస్తోందమ్మా?’ అనండి. అని ఊరుకోండి. ఆ మౌనం భరించడం కష్టమే, అయినా టీవీ పెట్టకండి, మందుల డబ్బా సర్దకండి. ఆవిడ మాట మారిస్తే మీరూ వదిలేయండి, తెలుసుకోకూడదనుకునే హక్కు కూడా ఆవిడదే. ‘నాకు తెలుసులే’ అంటే మాత్రం కాదని వాదించకండి. ‘అవునమ్మా, ఈ జబ్బు తగ్గేది కాదన్నారు. నొప్పి లేకుండా చూస్తామన్నారు. నేను నీ దగ్గరే ఉంటాను.’ ఇంత చాలు. ఏడుపొస్తే ఇద్దరూ ఏడవండి.

మీ అన్నయ్య నోరు విప్పి చెప్పనక్కర్లేదు. అమ్మ అడిగినప్పుడు అబద్ధం ఆడకపోతే చాలు. నా అనుమానం, ఆయన బెంగంతా తన గురించే.

చావు కన్నా నొప్పికి ఎక్కువ భయపడేవారు చాలామంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్నవారిని చూసుకునే చోటు) మొదలుపెట్టిన డాక్టర్ సిసిలీ సాండర్స్ పట్టుబట్టింది ఈ విషయంలోనే: నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళ ప్రకారం మందు పడాలని. కాబట్టి నొప్పికి మార్ఫిన్ అనే మందు రాసిచ్చి ఉంటే, అలవాటైపోతుందని ఎగ్గొట్టకండి. దానివల్ల మలబద్ధకం వస్తుంది, విరేచనం సాఫీగా అయ్యేందుకు మందు కూడా అడగండి.

రేపోమాపో తిండి దగ్గర గొడవ మొదలవుతుంది. చివరి రోజుల్లో ఆకలి దానంతటదే పోతుంది. ‘నా కోసం రెండు ముద్దలు’ అని బలవంతపెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తడి దూదితో పెదవులు, నోరు తుడవండి. నిద్ర పెరుగుతుంది, ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గురగుర వినిపించవచ్చు. ఆ చప్పుడుకు ఆవిడకన్నా పక్కనున్నవాళ్లే ఎక్కువ హడలిపోతారు. పలకకపోయినా మాట్లాడుతూ ఉండండి, చెవిన పడుతూ ఉండవచ్చు.

అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏ మందు వేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో డాక్టరును ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలని ఉందో లేదో, ఎవరిని చూడాలని ఉందో అమ్మనే అడగండి. రాత్రి కాపలా మాత్రం మీరొక్కరే కాయకండి. అన్నయ్యతో వంతులు వేసుకోండి. అమ్మ పక్కన ఒంటరిగా ఒక రాత్రి గడిపితే, ఆయనకూ మాట్లాడాలనిపించవచ్చు.