ఎదకు రాని ఆవుకు హార్మోను ఇంజెక్షను రోజూ వేయించవచ్చా?

ప్రశ్న: మా ఆవు ఈని నాలుగు నెలలు దాటినా ఎదకు రాలేదు. ఈనాక బాగా చిక్కిపోయింది. దూడ పగలూ రాత్రీ తల్లి దగ్గరే ఉంటుంది. మెదడు నుంచి రావలసిన హార్మోను సరిగా రావడం లేదని డాక్టరు గారు ఒక ఇంజెక్షను వేశారు. మూడు వారాలైనా మార్పు లేదు. అదే ఇంజెక్షను రోజూ వేయిస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: ఉండదు. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ మందు జి.ఎన్.ఆర్.హెచ్. రకానికి చెందినదై ఉండాలి. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ఈ హార్మోనును ధారగా వదలదు. కాసేపు వదిలి, ఆపి, మళ్లీ వదులుతుంది. ఒక్కొక్క విడత సన్నని రక్తనాళాల గుండా మెదడు కింద ఉండే పీయూష గ్రంథికి చేరగానే, ఆ గ్రంథి అండాశయాన్ని పనిచేయించే ఎల్.హెచ్. అనే హార్మోనును ఒక విడత రక్తంలోకి పంపుతుంది. ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం 1970లలో కోతులపై చేసిన ప్రయోగాల్లో, జి.ఎన్.ఆర్.హెచ్.ను గంటకొకసారి ఇచ్చినప్పుడు ఎల్.హెచ్. నిలకడగా వచ్చింది, ఎడతెరిపి లేకుండా ఎక్కించినప్పుడు పడిపోయింది. మగ కుక్కల్లో సంతానోత్పత్తిని కొంతకాలం ఆపడానికి ఈ కోవకే చెందిన మందును చర్మం కింద అమర్చడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. రోజుకొక సూది గంట గంటకూ నడవవలసిన లయను తిరిగి తేలేదు.

ఆ లయను నడిపేవి హైపోథాలమస్‌లోని ఆర్కుయేట్ కేంద్రకం అనే చిన్న భాగంలో ఉండే కొన్ని నాడీకణాలు. అవి మూడు రసాయనాలను వాడతాయి: న్యూరోకైనిన్ బి తో ఒకదాన్నొకటి ఉసిగొలుపుకుంటాయి, కిస్‌పెప్టిన్‌తో జి.ఎన్.ఆర్.హెచ్.ను విడుదల చేయిస్తాయి, డైనార్ఫిన్‌తో తమను తామే ఆపుకుంటాయి. మేకల మెదడులో ఈ కణాల దగ్గర ఎలక్ట్రోడ్లు అమర్చి చూసినప్పుడు, అక్కడ విద్యుత్ చర్య ఉప్పెనలా లేచిన ప్రతిసారీ రక్తంలో ఎల్.హెచ్. కూడా ఒక విడత పెరిగింది.

మీ ఆవులో ఈ లయ మందగించి ఉంటుందని నా అంచనా. ఎదకు ముందు రోజుల్లో ఆవుకు ఎల్.హెచ్. విడతలు ఇంచుమించు గంటకొకటి రావాలి. అవి బాగా ఎడంగా వస్తే అండాశయంలోని పుటిక (అండం పెరిగే బుడగ లాంటి సంచి) కొంతవరకు పెరిగి, ఎదను తెచ్చే హార్మోను ఈస్ట్రోజెన్‌ను తగినంత తయారు చేయలేక, కరిగిపోతుంది. పుటిక సుమారు 10 మి.మీ. సైజుకు రాకముందు జి.ఎన్.ఆర్.హెచ్. ఇచ్చినా అండం విడుదల కావడం కష్టం. మొదటి సూది పనిచేయకపోవడానికి ఇది కారణమై ఉండవచ్చు.

లయ మందగించడానికి మీ ఉత్తరంలోనే రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, ఆవు చిక్కిపోవడం. తినే మేతకన్నా పాలకు పోయే శక్తి ఎక్కువైతే రక్తంలో ఇన్సులిన్, కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్లు తగ్గుతాయి; మెదడు దాన్ని గర్భానికి అనువుకాని కాలంగా తీసుకుంటుంది. రెండోది, దూడ. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది: అడ్డు పడేది పొదుగును చీకడం ఒక్కటే కాదు. పొదుగు తొలగించిన ఆవుల్లో కూడా, సొంత దూడ దగ్గర ఉంటే ఎద ఆలస్యమైంది. తల్లి తన దూడను చూపుతో, వాసనతో గుర్తుపడుతుంది. ఆ గుర్తింపే మెదడుకు చేరి విడతలను అణచివేస్తుంది.

కాబట్టి ముందుగా డాక్టరు గారితో గర్భాశయాన్ని, అండాశయాలను పరీక్ష చేయించండి. చూడి ఉందేమో, గర్భాశయంలో చీము ఉందేమో, ఆవు మూగ ఎదలో (లక్షణాలు బయటికి కనిపించని ఎదలో) ఉందేమో తేలకుండా ఏ హార్మోనూ వాడకూడదు. అవేవీ లేకపోతే దాణా, పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం పెంచి, పక్కటెముకలపై కండ పట్టేదాకా ఓపిక పట్టండి. దూడను తల్లికి కనబడని, వినబడని చోట కట్టి, రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే పాలకు విడవండి.

అప్పటికీ ఎదకు రాకపోతే, యోనిలో ఏడు నుంచి తొమ్మిది రోజులు ఉంచే ప్రొజెస్టిరాన్ (గర్భాన్ని నిలిపే హార్మోను) సాధనం గురించి డాక్టరు గారిని అడగండి. ప్రొజెస్టిరాన్ ఉన్నంతసేపు విడతలు ఎడంగా ఉంటాయి. సాధనం తీయగానే అవి దగ్గరపడి పుటిక పెరుగుతుంది. ముందుగా ప్రొజెస్టిరాన్ అందని ఆవుల్లో ఈనాక వచ్చే మొదటి అండ విడుదల తరచుగా ఎద లక్షణాలు లేకుండా జరిగిపోతుంది, కానీ ఈ పద్ధతిలో ఎద బయటికి కనిపిస్తుంది. సాధనం తీసిన తర్వాత 48 గంటలు దూడను పూర్తిగా వేరుగా ఉంచి, దానికి పాలు పిండి పట్టించండి. ఆ రెండు మూడు రోజులు ఉదయం, సాయంత్రం, రాత్రి ఆవును గమనిస్తూ, తీగలు వేయడం, ఇతర పశువులు ఎక్కితే కదలక నిలబడడం కనిపించిన వెంటనే డాక్టరు గారికి కబురు చేయండి.